చదివింది గుర్తుండాలంటే ఏది పనికొస్తుంది: మళ్ళీ చదవడమా, పుస్తకం మూసి రాయడమా, కార్డులా, కటపయాదా, 12 వేల కోర్సా?

మా తమ్ముడు గ్రూప్ 2కి ప్రిపేర్ అవుతున్నాడు, హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్, పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి పోయి సీటు పట్టుకుంటే మళ్ళీ రాత్రికే బయటికి రావడం. మొన్న ఫోన్ చేసి "అక్కా, చదివింది చదివినట్టే పోతోంది, బుర్రలో ఏం నిలవట్లేదు, ఇక్కడ ఎవరో మెమరీ కోర్సు చెప్తారంట, 12 వేలు, చేరనా?" అన్నాడు. గొంతు వింటేనే తెలిసిపోయింది బాగా భయపడ్డాడని. "కోర్సు సంగతి తర్వాత చూద్దాం, ముందు నువ్వు ఎలా చదువుతున్నావో చెప్పరా" అన్నాను. పాలిటీ, అదే మన రాజ్యాంగం పుస్తకం, నాలుగు సార్లు పూర్తి చేశాడంట, పచ్చ హైలైటర్, గులాబీ హైలైటర్, పేజీలో తెల్లగా మిగిలిన లైన్ లేదంట.

నేనూ ఒకప్పుడు సరిగ్గా అలాగే చదివాను, రెండేళ్ళు. అందుకే వాడికి ఫోన్‌లో గంటసేపు చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నా, వాడిలాగా డబ్బు కట్టబోయేముందు ఆలోచిస్తున్నవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు కదా.

ముందు ఒక మాట. "జ్ఞాపకశక్తి" అని మనం ఒకే పేరు పెట్టి పిలుస్తాం గానీ అది ఒక్కటి కాదు. హెన్రీ మొలైసన్ అని ఒకాయన, అమెరికా, మూర్ఛ తగ్గడానికి 1953లో ఆయన మెదడుకి ఆపరేషన్ చేశారు, అప్పుడు ఆయనకి 27 ఏళ్ళు. రెండు పక్కలా హిప్పోక్యాంపస్ అనే భాగంలో చాలావరకు తీసేశారు, అంతే, ఆ తర్వాత కొత్తగా జరిగినదేదీ ఆయనకి గుర్తుండేది కాదు, 2008లో పోయేదాకా అంతే. కానీ బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయిస్తే రోజురోజుకీ చెయ్యి కుదురుకుంది, బాగా గీయడం వచ్చేసింది, అయితే ఆ పని ఇంతకుముందు చేసినట్టు మాత్రం ఆయనకి అస్సలు తెలీదు! అంటే చేతికి వచ్చే పని ఒక దారిలో పోతుంది, మనం చదివే విషయాలు ఇంకో దారిలో పోతాయి. సైకిల్ మర్చిపోం, ఆర్టికల్ నంబర్ మర్చిపోతాం, అందులో మన తప్పేం లేదు.

ఇంకొకటి, ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగేది చాలా తక్కువ. జార్జ్ మిల్లర్ 1956లో ఏడు, అటూ ఇటూ రెండు అన్నాడు, తర్వాత 2001లో నెల్సన్ కోవన్ అసలు నాలుగే అన్నాడు. అందుకే ఫోన్ నంబర్‌ని మనం రెండేసి మూడేసి అంకెలు కలిపి పలుకుతాం. పేజీకి 15 పాయింట్లున్న నోట్సు ఒక్క గుక్కలో ఎక్కించాలని చూస్తే ఎవరికైనా సరే ఎక్కదు.

మళ్ళీ చదవడం, పుస్తకం మూసి రాయడం

అసలు పోటీ ఈ రెండిటి మధ్యే, మిగతావన్నీ దీని తర్వాత. 2006లో రోడిగర్, కార్పికి అని ఇద్దరు సైకాలజిస్టులు విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చారు, కొందరు రెండుసార్లు చదివారు, ఇంకొందరు ఒకసారి చదివి రెండోసారి కాగితం మీద గుర్తున్నంత రాశారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్ళే ముందున్నారు, 81 శాతం, రాసినవాళ్ళు 75. వారం తర్వాత చూస్తే తారుమారు, చదివినవాళ్ళకి 42 శాతం మిగిలింది, రాసినవాళ్ళకి 56. ఆ మొదటి అయిదు నిమిషాలే మనల్ని మోసం చేసేది, మళ్ళీ చదివినప్పుడు లైన్లన్నీ తెలిసినవే అనిపిస్తాయి, కళ్ళు జారిపోతూ ఉంటాయి, హమ్మయ్య వచ్చేసింది అనుకుంటాం. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా తీయడం వేరు. బజార్లో ఎదురైన మనిషిని ఎక్కడో చూశామే అనుకోవడం తేలిక, పేరు చెప్పమంటేనే నోరు పెగలదు, పరీక్షలో నాలుగు ఆప్షన్లూ దగ్గరదగ్గరగా ఇచ్చి అడిగేది ఆ పేరే.

నేను మారింది ఎలాగంటే, ఒకరోజు రాత్రి ప్రాథమిక హక్కుల చాప్టర్ అయిదోసారి పూర్తి చేసి, పుస్తకం మూసేసి, పాత క్యాలెండర్ కాగితం తిప్పి వెనక తెల్లవైపు గుర్తున్నవి రాద్దామని కూర్చున్నా. ఆర్టికల్ 14 రాశాను, 21 రాశాను, 32 రాశాను. 19లో ఆరు స్వేచ్ఛలు ఉంటాయి, నాలుగు రాసి ఆగిపోయాను. 23, 24 ఏది ఏదో కలిసిపోయాయి. పెన్ను పట్టుకుని ఆ కాగితం వంక పది నిమిషాలు చూస్తూ ఉండిపోయాను, ఏడుపొచ్చింది నిజంగా, అయిదుసార్లు చదివానే అని. తర్వాత పుస్తకం తెరిచి రానివి మాత్రం ఎర్ర పెన్నుతో అదే కాగితం మీద రాసుకున్నా. ఆ ఎర్ర పెన్నుతో రాసినవి, ఇన్నేళ్ళయినా సరే, ఒక్కటి కూడా మర్చిపోలేదు.

కాబట్టి ఎంపిక ఇక్కడ నాకు అస్సలు సందేహం లేదు. మొదటిసారి అర్థం చేసుకుంటూ చదవండి, అది తప్పదు, అర్థంకానిది ఎన్ని పద్ధతులు వాడినా నిలవదు, ఆ తర్వాత ప్రతి రివిజనూ పుస్తకం మూసే మొదలుపెట్టండి. కష్టంగా ఉంటుంది, చికాకు వస్తుంది, ఏమీ రావట్లేదు అనిపిస్తుంది, ఆ తడుముకోవడమే పని చేసేది. రాని దాన్ని వెంటనే తెరిచి చూసుకోవాలి, అది మాత్రం వదలొద్దు, లేకపోతే తప్పే స్థిరపడిపోతుంది. హైలైటర్ మీకు ఇష్టమైతే వాడుకోండి, మళ్ళీ ఎక్కడ చూడాలో గుర్తుకి పనికొస్తుంది, చదువు మాత్రం కాదు అది. 2013లో జాన్ డన్‌లోస్కీ, ఆయనతో ఇంకొందరు కలిసి విద్యార్థులు వాడే పది పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలన్నీ చూసి మార్కులేస్తే హైలైట్ చేయడం, మళ్ళీ చదవడం రెండూ అడుగున పడ్డాయి, పైన నిలిచినవి రెండే, మనల్ని మనం పరీక్షించుకోవడం, ఎడం ఇచ్చి చదవడం.

ఎడం ఇవ్వాలి సరే, పెట్టెతోనా యాప్‌తోనా

ఎడం సంగతి మొదట లెక్క కట్టింది జర్మనీలో ఎబ్బింగ్‌హాస్, 1885లో. అర్థం లేని అక్షరాల ముక్కలు వేలకొద్దీ తయారుచేసుకుని తనే బట్టీపట్టి, కొంతకాలం ఆగి మళ్ళీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో కొలిచాడు. ఇరవై నిమిషాలకి 58 శాతం ఆదా, ఒక రోజుకి 34కి పడిపోయింది, నెలకి 21. చూడండి, మొదటి రోజే దబ్బున పడుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా. అందుకే మొదటి రివిజన్ ఆ రోజో మర్నాడో పెట్టుకోవాలి, రెండోది మూడు నాలుగు రోజులకి, తర్వాత వారం, తర్వాత నెల. ఒకే ఆదివారం ఆరు గంటలు కూర్చోవడం కంటే ఆ ఆరు గంటల్నే ఆరు రోజుల మీద పరిస్తే ఎక్కువ మిగులుతుంది.

దీనికి మూడు దారులున్నాయి. ఒకటి చిట్టీల పెట్టె, జర్మన్ రచయిత లైట్నర్ 1972లో చెప్పింది, చెప్పుల డబ్బాలో అట్టముక్కలు అడ్డంపెట్టి అయిదు గదులు చేసుకుంటే చాలు. చిట్టీకి ఒకవైపు ప్రశ్న, వెనక జవాబు, జవాబు వస్తే వెనక గదిలోకి పోతుంది, రాకపోతే మొదటి గదికే వస్తుంది, మొదటి గది రోజూ చూడాలి, వెనక గదులు ఆగి ఆగి. రెండోది ఆంకీ యాప్, 2006 నుంచి ఉంది, కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌కే డబ్బు, ఏ కార్డు ఏ రోజు రావాలో అదే లెక్క చూసుకుంటుంది. మూడోది మామూలు నోటుబుక్కు, ఎడమవైపు ప్రశ్నలు, కుడివైపు జవాబులు, చెయ్యి అడ్డంపెట్టి చదువుకోవడం, పైన మార్జిన్‌లో తేదీలు.

నా లెక్క ఏంటంటే మూడు నాలుగు వందల విషయాల లోపయితే నోటుబుక్కు చాలు, అంతకుమించితే ఆంకీ. ఫోన్ చేతిలోకి తీసుకుంటే రీల్స్‌లోకి వెళ్ళిపోయేవాళ్ళు మాత్రం దయచేసి చెప్పుల డబ్బా తీసుకోండి, ఇది చిన్న విషయం అనుకోవద్దు, మా తమ్ముడికి నేను డబ్బానే చెప్పాను. ఇంకోటి, ఎవరో తయారుచేసిన వెయ్యి కార్డులు డౌన్‌లోడ్ చేసుకుంటే ఎవరి మాటలో మీ నోట్లో తిరుగుతాయి, మీరే రాసుకున్న రెండొందలు మేలు, రాసేటప్పుడే సగం ఎక్కుతుంది. ఒక చిట్టీ మీద ఒకటే విషయం, "ప్రాథమిక హక్కులు రాయుము" అని ఒకే చిట్టీ పెడితే అది చిట్టీ కాదు, చాప్టర్.

నంబర్లూ లిస్టులూ అయితే

ఇక్కడే మెమరీ కోర్సులవాళ్ళు స్టేజి మీద 50 అంకెలు ముందుకీ వెనక్కీ చెప్పి చూపిస్తారు, చూసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. అది నిజమే, మోసం కాదు, కానీ దాని హద్దు తెలుసుకోవాలి. 1980లో వచ్చిన ఒక అధ్యయనంలో ఎస్.ఎఫ్. అని పొడి అక్షరాలతో పిలిచిన ఒక మామూలు కాలేజీ కుర్రాడు, మొదట ఏడు అంకెలే గుర్తుపెట్టుకునేవాడు, 230 గంటలు సాధన చేసి 79కి వెళ్ళాడు. అతను పరుగు పందేలవాడు, అంకెల్ని పరుగు టైమింగులుగా మార్చుకునేవాడు. అంకెల బదులు అక్షరాలు ఇచ్చారు, మళ్ళీ ఆరుకి దిగిపోయాడు. బుర్ర మొత్తం బలపడలేదు, అంకెల విద్య ఒక్కటే వచ్చింది. 12 వేలు కట్టబోయేవాళ్ళు ఈ ఒక్క సంగతి బాగా ఆలోచించండి, అక్కడ నేర్పేది ఒక పనిముట్టు, మీ పాలిటీ అర్థం కావడానికీ మీ ఎకానమీ జవాబు రాయడానికీ అది రాదు.

పనిముట్టుగా మాత్రం మంచిదే. లిస్టు వరసగా కావాలంటే ఇంటి పద్ధతి, పాత గ్రీకుల కాలం నాటిది, మీ ఇంటి గేటు, తులసికోట, అరుగు, హాల్లో టీవీ, వంటింటి గట్టు ఇలా నడుస్తూ ఒక్కో చోట ఒక్కో విషయాన్ని బొమ్మలాగా పెట్టుకుంటూ పోవడం. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో మామూలు మనుషులకి రోజుకి అరగంట చొప్పున ఆరు వారాలు ఇది నేర్పిస్తే 72 మాటల్లో 26 చెప్పేవాళ్ళు 62 చెప్పగలిగారు. దళాల పేర్లు, కమిటీల వరస, ప్రసంగంలో పాయింట్లు, వీటికి బ్రహ్మాండం. కాన్సెప్టులకి వద్దు.

అంకెలకి మాత్రం మనవాళ్ళది ఒక పద్ధతి ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది, అదే కటపయాది. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి తెలుస్తుంది, మేళకర్త రాగాల, అంటే మూల రాగాల నంబర్లు వాటి పేర్లలోనే దాచారు. క నుంచి ఝ దాకా 1 నుంచి 9, ఞ సున్నా. ట నుంచి ధ దాకా మళ్ళీ 1 నుంచి 9, న సున్నా. ప ఫ బ భ మ 1 నుంచి 5. య ర ల వ శ ష స హ 1 నుంచి 8. గుణింతం ఏదైనా పర్లేదు, అక్షరం పక్కన వచ్చే నిండుసున్నని (ం) లెక్కలోకి తీసుకోరు, వచ్చిన అంకెల్ని తిప్పి చదవాలి. రాగం పేరులో మొదటి రెండు అక్షరాలే చూడాలి. మాయామాళవగౌళ, మా అంటే 5, యా అంటే 1, తిప్పితే 15, పదిహేనో మేళకర్త. ధీరశంకరాభరణం, 9, 2, తిప్పితే 29. మేచకల్యాణి 65.

దీన్ని ఆర్టికల్స్‌కి వాడి చూడండి. 14 సమానత్వం, దానికి "వాటా", వ 4, ట 1, తిప్పితే 14, అందరికీ సమాన వాటా. 17 అంటరానితనం నిషేధం, "సాటి", స 7, ట 1, సాటి మనిషి. 19 వాక్ స్వాతంత్ర్యం, "ధాటి", ధాటిగా మాట్లాడ్డం. 21 జీవించే హక్కు, "పైరు", పచ్చగా ప్రాణంతో ఉన్నది. నేను ఆ రాత్రి కలిపేసుకున్న రెండూ ఉన్నాయే, 23 మనుషుల్ని కొనడం అమ్మడం, వెట్టి, దానికి "బేరం", బ 3, ర 2. 24 పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో పెట్టడం, "భారం", భ 4, ర 2. బేరం, భారం, ఇక జన్మలో కలవవు. 32 హక్కుల కోసం సుప్రీంకోర్టుకి వెళ్ళడం, "ఫలం", హక్కుకి ఫలం దక్కేది అక్కడే. ఇక్కడ ఫ ఒత్తి పలకాలి, ప అనుకుంటే 31 అయిపోతుంది జాగ్రత్త. క్క, త్ర లాంటి జంట అక్షరాలున్న మాటలు ఎంచుకోకండి, గందరగోళం. అక్షరాల పట్టిక నోటికి రావడానికి ఒక రెండు రోజులు పట్టొచ్చు, ఖర్చు ఏమీ లేదు.

అయితే ఇదీ చిట్కానే సుమా, డన్‌లోస్కీ వాళ్ళ లిస్టులో కొండగుర్తుల పద్ధతికీ తక్కువ మార్కే పడింది, ఎందుకంటే గుర్తులు పెట్టుకుని వదిలేస్తే అవీ పోతాయి. బేరం భారం కూడా చిట్టీ మీద రాసి డబ్బాలో వేయాల్సిందే.

మాట మాటా అక్షరం తప్పకుండా కావాలంటే

పద్యాలు, శ్లోకాలు, నిర్వచనాలు, ప్రవేశిక లాంటివి. వీటికి గొంతు కావాలి, కళ్ళతో అవదు. వేదం చదివేవాళ్ళని చూడండి, జటలో రెండు పదాల్ని 1-2, 2-1, 1-2 అని అల్లుతారు, ఘనలో మూడోదాన్ని కూడా కలిపి ముందుకీ వెనక్కీ తిప్పుతారు, పుస్తకం లేకుండా తరాలు దాటింది ఆ తిప్పుడు వల్లే, ఒక పదం జారితే పక్క పదాలు పట్టిస్తాయి. మన పద్యంలో యతి ప్రాసలు చేసే పనీ అదే. ఉత్పలమాలలో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు ఉండాలి, పదో అక్షరం దగ్గర యతి కుదరాలి, కాబట్టి మాట మర్చిపోయినా అక్కడ పట్టే మాటలు నాలుగో అయిదో మాత్రమే, తడుముకుంటే దొరుకుతుంది.

అష్టావధానం ఎప్పుడైనా చివరిదాకా కూర్చుని చూశారా? నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన అని రకరకాలుగా పద్యాలు అడిగేవాళ్ళుంటారు, అవధాని ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్తూ పోతారు, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాళ్ళు అడ్డం పడుతూనే ఉంటారు, గంటలు కొడుతుంటే లెక్కపెట్టుకోవాలి, అన్నీ అయ్యాక ధారణ, నాలుగేసి పాదాలూ కలిపి పద్యాలన్నీ వరసగా అప్పజెప్పేస్తారు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఛందస్సు ఏళ్ళ తరబడి సాధన చేసి చేసి అది వాళ్ళకి సొంత గూడులాగా అయిపోతుంది, ఏ మాట ఎక్కడ పెట్టారో ఆ గూడే చెప్తుంది. మీ సబ్జెక్టులో కూడా అంతే, తెలిసింది పెరిగేకొద్దీ కొత్తది తగిలించుకోడానికి కొక్కేలు పెరుగుతాయి, మొదటి రెండు నెలలు ఏమీ నిలవట్లేదని భయపడేవాళ్ళకి ఇది గట్టిగా చెప్తున్నా.

బ్రెయిన్ గేములు, మాత్రలు, నిద్ర

గేముల గురించి ఎక్కువ చెప్పను. ఆ గేములో మీరు బాగా ఆడతారు, అంతే, ఎస్.ఎఫ్. కథే ఇక్కడా. లూమోసిటీ అనే పెద్ద యాప్ మీద తప్పుదోవ పట్టించే ప్రకటనలని అమెరికా ప్రభుత్వ సంస్థ కేసు పెడితే 2016లో 20 లక్షల డాలర్లు కట్టి సర్దుబాటు చేసుకున్నారు. మాత్రల్లో గింకోకి బాగా పేరు, 75 ఏళ్ళు దాటిన మూడు వేలమందికి పైగా పెద్దవాళ్ళ మీద ఏళ్ళ తరబడి పరీక్షించి 2008లో ఫలితం చెప్పారు, మతిమరుపు జబ్బు రాకుండా ఆపలేకపోయింది. పరీక్ష ముందు ఎవరో చెప్పారని ఏదో కొత్త మాత్ర మొదలుపెట్టకండి, కడుపు పాడైతే ఆ రోజు పోతుంది.

నిద్ర మాత్రం మందుకంటే ఎక్కువ. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ చూపించారు, నేర్చుకుని పడుకున్నవాళ్ళు మెలకువగా ఉన్నవాళ్ళకంటే తక్కువ మర్చిపోతారు. లైబ్రరీ నుంచి వచ్చి రెండింటిదాకా మేలుకుని చదివే పిల్లలకి నేను చేతులెత్తి చెప్పేది ఇదే, పదకొండుకి పుస్తకం మూసి, పది నిమిషాలు ఆ రోజు చదివినవి కళ్ళు మూసుకుని తలుచుకుని, పడుకోండి. పొద్దున ఒక అరగంట నడవండి.

ఇప్పుడు మీకు ఏది అంటే, ఆరు నెలలు టైముంటే డబ్బా లేదా ఆంకీ ఇవాళే మొదలుపెట్టండి. నలభై రోజులే ఉంటే కొత్త పుస్తకం ఏదీ ముట్టుకోవద్దు, పాత పేపర్లు పెట్టుకుని జవాబులు చూడకుండా చేయడం, తప్పులు ఎర్ర పెన్నుతో రాసుకుని మూడో రోజు, పదో రోజు మళ్ళీ చేయడం, అంకెలకి మాత్రం కటపయాది. అరిథ్మెటిక్ అయితే ఒకే రకం లెక్కలు యాభై చేయకుండా రకాలు కలిపి చేయండి, పరీక్షలో ఏ లెక్క ఏ రకమో పైన రాసి ఇవ్వరు.

ఇంట్లో పెద్దవాళ్ళ మతిమరుపు గురించి అయితే వేరే సంగతి. తాళాలు ఎక్కడ పెట్టారో మర్చిపోతే తలుపు పక్కన ఒక మేకు కొట్టండి, బుర్ర మీద భారం వేయకండి. కానీ ఒకే ప్రశ్న పది నిమిషాలకోసారి అడుగుతున్నా, రోజూ నడిచే వీధిలో దారి తప్పుతున్నా, డబ్బు లెక్క తడబడుతున్నా, వయసు కదా అని ఊరుకోకుండా డాక్టరుకి చూపించండి, బి12 తక్కువైనా థైరాయిడ్ తేడా చేసినా మతిమరుపు వస్తుంది, వాటికి చికిత్స ఉంది.

మావాడు కోర్సులో చేరలేదు. నిన్న రాత్రి ఒక ఫోటో పంపాడు, చెప్పుల డబ్బా, అయిదు గదులు, మొదటి గదిలోనే బోలెడు చిట్టీలు. కింద మెసేజ్, "అక్కా, ఆర్టికల్ 40 పంచాయతీలకి 'నాభి' అని నేనే పెట్టా, న సున్నా, భ 4, పల్లె దేశానికి నాభి కదా, సరిపోయిందా?"

సరిపోయిందిరా.